పాత రేడియో జింగిల్స్ ఎలా వెతకాలి, ఎలా దాచుకోవాలి, ఎలా వినాలి: గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్ల కోసం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉన్న తెలుగు ఇళ్లకి రేడియో విషయంలో ఒక అదృష్టం ఉంది. ముల్లు ఇటు తిప్పితే విశాఖపట్నం, అటు తిప్పితే కటక్, ఇంకొంచెం జరిపితే జయపురం, పొద్దుపోయాక విజయవాడ, షార్ట్‌వేవ్‌కి మారిస్తే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రేడియో. ఒకే సబ్బు ప్రకటన తెలుగులోనూ ఒడియాలోనూ హిందీలోనూ ఒకే వరండాలో వినిపించిన ప్రాంతం మనది. టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డరు కలిసిన సెట్టు) ఉన్నవాళ్లు పాట కోసమని రికార్డు బటన్ నొక్కారు, పాటతో పాటు దాని ముందూ వెనకా ఉన్న జింగిల్, అనౌన్సర్ మాట, గంట కొట్టే ముందు వచ్చే కూతలు కూడా టేపులోకి ఎక్కేశాయి. ఆ పాట ఇవాళ ఫోన్లో దొరుకుతుంది, ముందూ వెనకా ఉన్నదే ఇంకెక్కడా దొరకదు. అందుకే మొదట్లోనే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: జింగిల్ దొరికింది కదా అని దాన్నొక్కదాన్నే కత్తిరించి మిగతాది పారేయకండి. టేపు మొత్తం దాచండి. ఎందుకో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

ఏం వెతకాలి

జింగిల్ అనగానే అందరికీ నిర్మా, లైఫ్‌బాయ్ లాంటి ప్రకటనలే గుర్తొస్తాయి. అవి ఎలాగూ కావాలి. వాటితో పాటు స్టేషన్ తెరిచేటప్పుడు వచ్చే ఆకాశవాణి సంకేత సంగీతం, కార్యక్రమం మొదట్లో వచ్చే బాణీ, కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు లాంటి ప్రభుత్వ ప్రకటనలు, కొత్త సినిమాల గురించి వచ్చే పదిహేను నిమిషాల ప్రాయోజిత కార్యక్రమాలు, "ఇప్పుడు సమయం" అనే మాట, ఇవన్నీ లెక్కలోకే వస్తాయి. వివిధ భారతి 1957 అక్టోబర్ 3న మొదలైంది కానీ అందులో వ్యాపార ప్రకటనలు 1967 నవంబర్ 1న, ముందుగా బొంబాయి, పుణె, నాగపూర్ కేంద్రాల నుంచి వచ్చాయి. అంతకుముందు రేడియోలో ప్రకటన వినాలంటే మనవాళ్లకి సిలోనే దిక్కు. అమీన్ సయానీ నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం గీత్‌మాలా 1952 నుంచి అక్కడి నుంచే వచ్చేది, పక్కనే తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపించేది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆవిడ పేరు ఎత్తగానే నవ్వు మొహం పెడితే వాళ్ల దగ్గర కాసెట్లు ఉండే అవకాశం ఎక్కువ, ఆ ఇంట్లో కూర్చుని టీ తాగండి.

ఎక్కడ వెతకాలి

ముందు చుట్టాల ఇళ్లు. పెళ్లి కాసెట్లు, భజన కాసెట్లు, బయట ఏమీ రాయని కాసెట్లు, ముఖ్యంగా ఆ ఏమీ రాయనివి. "పిన్నీ, అటక మీద పాత కాసెట్లు ఏమైనా ఉన్నాయా?" అంటే "ఏం లేవురా, అన్నీ పాడైపోయాయి" అనే వస్తుంది జవాబు. పాడైనవే ఇవ్వమనండి, పాడైందని పక్కన పడేసిన వాటిలో ఎక్కువ శాతం ఇంకా పాడతాయి. బరంపురంలో మగ్గాలున్న దేవాంగుల ఇళ్లల్లో అడగండి, పొద్దుటి నుంచి రాత్రి దాకా చేతులు మగ్గం మీద, చెవులు రేడియో మీద ఉన్న ఇళ్లవి. పాత రేడియో రిపేరు షాపులు, మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్లు, ఒకప్పుడు ఖాళీ కాసెట్లో అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చిన రికార్డింగ్ షాపులవాళ్లు, పాత సామాన్ల కొట్లు. రేడియో స్టేషన్లో పనిచేసి రిటైరైనవాళ్లు దొరికితే వాళ్ల దగ్గర కాసెట్ కంటే మాట విలువైంది, ఫోన్లో రికార్డు చేసుకుంటామని అడిగి, ఒప్పుకుంటే ఆ జింగిల్ ఎప్పుడు వేసేవాళ్లు, ఎవరు పాడారు, స్టూడియోలో ఎలా ఎక్కించారు అని నిదానంగా అడగండి.

ఇంకో సంగతి. మనవైపు కాసెట్లో ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా ఉండటం మామూలు. ఒడియా మాకెందుకు అని ఆ వైపు వదిలేయకండి. తెలుగు జింగిల్ విలువ సగం ఆ రెండోవైపు పక్కన పెట్టి విన్నప్పుడే బయటపడుతుంది.

చేతికి రాగానే చేయాల్సినవి

కాసెట్ చేతికి రాగానే, ఇంకేం చేయకముందే, వెనక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు చూడండి. అవి ఉన్నాయంటే దాని మీద మళ్లీ రికార్డు చేయొచ్చన్నమాట, అంటే పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే నలభై ఏళ్ల నాటి గొంతు అక్కడికక్కడే చెరిగిపోతుంది. రెండూ తుంచేయండి.

తర్వాత టేపుని వెలుతురులో పట్టి చూడండి. మన సముద్రపు గాలికి, కోరాపుట్ కొండల వానకి టేపు చుట్ట అంచుల మీద తెల్లగా బూజు పడుతుంది. బూజున్న కాసెట్‌ని సెట్లో పెట్టారంటే అది హెడ్‌కి (టేపులోని శబ్దాన్ని చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి కాసెట్‌కీ పాకుతుంది. అలాంటివి విడిగా పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని వారాలు ఉంచండి. ఎండలో పెట్టకండి, టేపు వంకర పోతుంది. ఆరాక ఆ బూజు పొడిని మెత్తని బ్రష్‌తో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట దులపాలి.

లోపల టేపు వెనక రాగి రేకు మీద ఒక చిన్న స్పంజి ముక్క ఉంటుంది, టేపుని హెడ్‌కి ఒత్తి పట్టేది అదే. పాత కాసెట్లలో జిగురు ఎండి అది ఊడిపోతుంది, అప్పుడు శబ్దం గొణిగినట్టు వస్తుంది, జనం "టేపు పోయింది" అని పారేస్తారు. టేపుకేమీ కాదు. స్క్రూలున్న మంచి ఖాళీ కాసెట్ ఒకటి విప్పి దాని డొల్లలోకి ఈ టేపు చుట్టల్ని మార్చేస్తే చాలు. తెగిపోతే మామూలు సెలోటేపు వేయకండి, దాని జిగురు కొన్నాళ్లకి కారి పక్క పొరలకి అంటుకుంటుంది. టేపు అతికించడానికే చేసిన సన్న పట్టీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చివరగా ఒకసారి మొదటి నుంచి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పండి, ఏళ్ల తరబడి అంటుకుని ఉన్న పొరలు విడతాయి.

కంప్యూటర్లోకి ఎక్కించడం

మంచి డెక్ దొరికితే సరే, లేకపోతే బాగా పనిచేసే ఏ టేప్ రికార్డరైనా చాలు. హెడ్, దాని పక్కన తిరిగే రబ్బరు చక్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి, దూది నల్లగా రావడం మానేదాకా. లైన్ అవుట్ ఉంటే అక్కడి నుంచి, లేకపోతే ఇయర్‌ఫోన్ పిన్ను నుంచి, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు మీదుగా లాప్‌టాప్‌కి కలపండి. శబ్దం రికార్డు చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దానితోనే పని జరిగిపోతుంది. లెవెల్ ఎంత పెరిగినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, మొదటి కాపీ మాత్రం ఎంపీ3 చేయకండి. సి-60 కాసెట్‌కి ఒక్కో వైపు 30 నిమిషాలు, సి-90కి 45. వైపు మొత్తం ఒకే ఫైలుగా ఎక్కించండి.

ఒక్కచోట మాత్రం ఓపిక పట్టాలి. ప్లే హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దానితో హెడ్ వాలు మారుతుంది. రికార్డు చేసిన సెట్టు హెడ్ ఎంత వాలి ఉందో మీ సెట్టు హెడ్ కూడా అంతే వాలి ఉంటేనే టేపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. టేపు పాడుతుండగా, శబ్దం మోనోలో పెట్టుకుని, సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. మీడియం వేవ్ నుంచి పట్టిన టేపుల్లో సంగీతం ఎలాగూ మందంగానే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోకుండా రేడియో గరగరని వినండి. ఆ గరగర ఎక్కడ పదునెక్కితే అక్కడ ఆపాలి. ఆ క్షణంలో అనౌన్సర్ చెప్పే "స", "ష" విడివిడిగా తెలుస్తాయి, అప్పటిదాకా గుడ్డ కప్పుకుని మాట్లాడిన మనిషి గుడ్డ తీసినట్టు ఉంటుంది.

గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ అంటే అందరికీ మోజు. నా మాట వినండి, మొదటి ఫైలు ముట్టుకోకండి. కాపీ తీసుకుని దాని మీద ఎంత కావాలంటే అంత చేసుకోండి. గట్టిగా తుడిస్తే గరగరతో పాటు గొంతులో ఊపిరి కూడా పోతుంది, నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. సెట్టు కరెంటు గుంయ్‌మనే మోత, అంటే 50 హెర్ట్జ్ దగ్గరిది, ఒక్కటి తగ్గిస్తే చాలా వరకు హాయిగా ఉంటుంది.

స్పీడు సరిచూసుకోవడం

టేపు మొత్తం దాచమన్నానే, ఇక్కడ పనికొస్తుంది. గంట కొట్టే ముందు రేడియోలో వచ్చే కూతలు సెకనుకి ఒకటి చొప్పున వస్తాయి. ఆడాసిటీలో ఒక కూత మొదలు నుంచి తర్వాతి కూత మొదలు దాకా కొలవండి. ఒక సెకను ఉంటే స్పీడు సరిగ్గా ఉంది. 0.97 ఉంటే టేపు సుమారు 3 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట, అంటే అప్పట్లో సెల్స్ అయిపోవస్తుండగా రికార్డు చేసి ఉంటారు, అప్పుడు నెమ్మదిగా తిరిగింది కాబట్టి ఇప్పుడు వేగంగా వినిపిస్తుంది. కాపీలో స్పీడు అంత తగ్గించండి, అనౌన్సర్ గొంతు దానంతటదే అసలు శ్రుతికి వస్తుంది. జింగిల్ ఒక్కటే కత్తిరించి పెట్టుకున్నవాళ్లకి ఈ కొలబద్ద ఉండదు.

తేదీ పట్టుకోవడం

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. కాసెట్ మీద ఏమీ రాసి ఉండదు, ఇచ్చినవాళ్లకి "మా పెద్దాడు పుట్టినప్పటిదేమో" తప్ప గుర్తుండదు. టేపులో ఉన్న మాటల్నే సాక్ష్యం అడగాలి.

స్టేషన్ అనౌన్స్‌మెంట్లో మీటర్లు, కిలోహెర్ట్జ్ చెప్తారు. మీటర్లే వినిపించి మిగతాది గరగరలో పోతే, 3,00,000ని ఆ మీటర్లతో భాగించండి, కిలోహెర్ట్జ్ వస్తుంది. 323 దగ్గర వినిపిస్తే అది 927, విశాఖపట్నం. 308 దగ్గరైతే 972, కటక్. 204 దగ్గరైతే 1467, జయపురం. విజయవాడ 837, హైదరాబాద్ 738. ఈ అయిదు నంబర్లలో ఏది తీసుకున్నా అంకెలు కూడి చూడండి, 18 వస్తుంది, అంటే అన్నీ 9తో భాగించబడతాయి. ఎందుకంటే 1978 నవంబర్ 23 నుంచి మనవైపు దేశాల మీడియం వేవ్ స్టేషన్లన్నీ 9 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుకున్నాయి. కాబట్టి మీ టేపులో 9తో భాగించబడని మీడియం వేవ్ నంబరు స్పష్టంగా వినిపించిందంటే అది ఆ తేదీకి ముందుదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఆ కాసెట్‌ని ఇంకా భద్రంగా చూసుకోండి. కిలోహెర్ట్జ్ అనకుండా కిలోసైకిల్స్ అంటే ఇంకా పాతది కావచ్చు.

ఊళ్లూ జిల్లాలూ కూడా చెప్తాయి. విశాఖ కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది, కాబట్టి దాని మాట ఉన్నదేదీ అంతకంటే పాతది కాదు. వాతావరణ సూచనలో "విజయనగరం జిల్లా" అన్నారంటే 1979 జూన్ 1 తర్వాత. గజపతి జిల్లా, రాయగడ జిల్లా అన్న మాట వినిపిస్తే 1992 అక్టోబర్ 2 తర్వాత, అప్పటిదాకా పర్లాకిమిడి గంజాంలోది, రాయగడ కోరాపుట్‌లోది. తెలుగు అనౌన్సర్ "ఒరిస్సా" అంటే ఒకటి, "ఒడిశా" అంటే ఇంకోటి, రాష్ట్రం పేరు 2011లో మారింది. టేపులో సంస్కృత వార్తలు తగిలితే 1974 జూన్ 30 తర్వాతిది. సిలోన్ స్టేషన్‌లో దేశం పేరు శ్రీలంక అన్నారంటే 1972 తర్వాత. గీత్‌మాలా సిలోన్ నుంచి కాకుండా వివిధ భారతి నుంచి వస్తుంటే 1989 లేదా ఆ తర్వాత. ఇలా ఒక టేపులో రెండు మూడు సాక్ష్యాలు కలిస్తే తేదీ నాలుగైదేళ్ల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. జింగిల్‌లో ఇవేవీ ఉండవు, దాని పక్కనున్న మాటల్లో ఉంటాయి.

పాత పెట్టెలో రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే అది కూడా ఫొటో తీసుకోండి, పోస్టాఫీసులో ఏటా కట్టిన లెక్క అందులో ఉంటుంది, ఆ ఇంటికి సెట్టు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది.

వినడం

పోగేయడం అయ్యాక కూర్చుని వినాలి, అదీ తీరుబడిగా. ఆకాశవాణి సంకేత సంగీతంతో మొదలుపెట్టండి. వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు 1934లో ప్రాగ్ నుంచి బొంబాయి వచ్చి, అక్కడి రేడియో కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకుంటూ 1930లలో కూర్చిన బాణీ అది. కింద తంబురా శ్రుతి, దాని మీద తీగ వాయిద్యం. కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చినవాళ్లకి శివరంజని వెంటనే దొరుకుతుంది: స రి గ ప ద, గాంధారం సాధారణ గాంధారం. ఎక్కడి నుంచో తలదాచుకోవడానికి వచ్చిన మనిషి ఆ అయిదు స్వరాల్లో పొద్దుటి దిగులు పట్టుకున్నాడు, దాన్నే దేశమంతా పళ్లు తోముకుంటూ విన్నది. ఇయర్‌ఫోన్స్‌తో వినకండి, చిన్న స్పీకర్లో వినండి, అది అలా వినడానికే తయారైంది.

ప్రకటనల జింగిల్స్‌కి వచ్చేసరికి ఒకటి గమనించండి. స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ అంటే ధ్వని సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దాకానే సాఫీగా పోతుంది. పైన కిణకిణలు పోతాయి, అరచేతి వెడల్పు స్పీకర్లో కింద మృదంగం గుమకీ సరిగా పలకదు. మిగిలేది మధ్యలో మనిషి గొంతు. అందుకే మంచి జింగిల్‌లో గొంతు ముందుంటుంది, సరుకు పేరు బాణీలో అన్నిటికంటే గట్టి చోట పడుతుంది, అదీ రెండు మూడుసార్లు. సెకన్ల లెక్కన డబ్బు కట్టే చోట ఆ పేరు ఎన్నో సెకనులో మొదటిసారి వచ్చిందో లెక్కపెట్టి చూడండి, రాసినవాళ్ల పనితనం తెలుస్తుంది.

ఆ తర్వాత మన ప్రాంతానికే దక్కిన పని. ఒకే జింగిల్ తెలుగు, ఒడియా, హిందీ మూడూ దొరికితే వరసగా పెట్టి, తొడ మీద తాళం వేస్తూ వినండి. హిందీ మాటలు చాలావరకు హల్లు దగ్గర ఠక్కున ఆగుతాయి, బాణీ కూడా అక్కడ ఆగుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఒడియా మాట కూడా చాలావరకు అంతే, కాబట్టి అదే బాణీలో ఆ చివరి అచ్చుని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి. కొందరు గాయకులు దాన్ని సాగదీసి గమకం వేస్తారు, కొందరు తర్వాతి మాటకి ముందే గబగబా మింగేస్తారు, కొన్నిటిలో తెలుగు రాసినవాళ్లు వాక్యమే మార్చేసి చక్కగా అతికించారు. ఇలాంటిది దొరికినప్పుడు పక్కన ఒడియా మిత్రుణ్ణి కూర్చోబెట్టుకోండి, ఆయన చెవికి తగిలేవి మన చెవికి తగలవు.

ఫైళ్ల పేర్లు, పంచుకోవడం

ఫైలు పేరులో ముందు సంవత్సరం (ఖాయం కాకపోతే పక్కన ప్రశ్నార్థకం), తర్వాత స్టేషన్, భాష, జింగిల్ ఏ సరుకుది, కాసెట్ ఏ ఊరిది. జింగిల్ ఏ నిమిషంలో ఉందో విడిగా ఒక చీటీ ఫైల్లో రాయండి, దాని ముందూ వెనకా ఏముందో కూడా. విడిగా వినిపించడానికి ముక్క కావాలంటే కాపీలోంచి, ముందు కనీసం అర నిమిషం, వెనక అర నిమిషం ఉంచి తీయండి. కాపీలు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఒకటి ఇంకో ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంటే మంచిది, తుపాన్లకి మన తీరం సంగతి తెలిసిందే. కాసెట్ ఇచ్చినవాళ్లకి అసలు కాసెట్, దానితో పాటు పెన్‌డ్రైవ్‌లో మొత్తం వైపు ఎక్కించి తిరిగి ఇవ్వండి, అదిస్తే పక్కింటివాళ్ల అటక కూడా తెరుచుకుంటుంది.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు చట్టం గుర్తుంచుకోండి: మన దేశంలో ధ్వని ముద్రణ మీద హక్కు 60 ఏళ్లు, ప్రసారం మీద ప్రసార సంస్థ హక్కు 25 ఏళ్లు. మధ్యలో వచ్చే సినిమా పాటకి దాని హక్కు దానికుంది. ఇంట్లో వినడానికి, చదువుకోవడానికి ఇబ్బంది లేదు, అమ్మకానికి మాత్రం పెట్టకండి.

ఇవాళ్టివి కూడా పట్టండి. 2023 మే నుంచి ఇంగ్లీషులో కూడా ఆలిండియా రేడియో అనడం మానేసి ఆకాశవాణి అనే అంటున్నారు, అంటే ఆ పాత మాట ఉన్న రికార్డింగ్ ఇప్పటికే పాతదైపోయింది. మీ దగ్గర మామూలు సెట్టు ఉంటే పొద్దున్నే ప్రసారాలు మొదలయ్యే వేళకి జయపురం 1467, కటక్ 972, విశాఖ 927 పెట్టి, ఎక్కడ వినిపిస్తే అక్కడ వందేమాతరం నుంచి మొదటి వార్తల దాకా రికార్డు చేయండి. గాలిలో దొరకకపోతే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో కేంద్రాల ప్రసారాలు వస్తాయి, కాకపోతే అందులో గరగర ఉండదు. రెండూ తీసి, ఏది ఎందులోంచి తీశారో పేరులోనే రాసిపెట్టండి.